ఒకే పేరు – ఎందరో సుబ్బారావులు

ప్రవేశిక

లోకంలో మనుషులు ఎక్కువ, పేర్లు తక్కువ. అందువల్ల ఒకే పేరు పలువురికి ఉండటం సహజం. తెలుగువారిలో అలా విస్తారంగా వాడుకలో ఉన్న పేర్లలో ‘సుబ్బారావు’ ఒకటి. ఈ పేరు గలవారిలో కవులు ఉన్నారు, శాస్త్రవేత్తలు ఉన్నారు, న్యాయమూర్తులు ఉన్నారు, దేశసేవకులు ఉన్నారు. వారందరికీ పేరు ఒక్కటే అయినా నడిచిన దారులు వేరు. లోకం వారిని ఎలా వేరుచేసి గుర్తుపెట్టుకుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పేరు పుట్టుక

సుబ్రహ్మణ్యస్వామిని తెలుగువారు ముద్దుగా సుబ్బరాయుడు అని పిలుచుకుంటారు. మార్గశిర శుద్ధ షష్ఠిని పల్లెటూళ్ళలో ‘సుబ్బరాయుడి షష్ఠి’ అంటారు. ఆనాడు తీర్థాలు జరుగుతాయి. సంతానం కోసం ఆ స్వామికి మొక్కుకోవడం, బిడ్డ పుట్టాక ఆయన పేరే పెట్టుకోవడం తరతరాల ఆచారం. అలా వచ్చినవే సుబ్బయ్య, సుబ్బమ్మ, సుబ్బలక్ష్మి, సుబ్బారావు మొదలైన పేర్లు. ‘రాజు’ అనే అర్థంగల ‘రాయ’ శబ్దం నుంచి ‘రావు’ వచ్చింది.

ఈ పేరు తెలుగునేలకే పరిమితం కాలేదు. కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్య క్షేత్రం ప్రసిద్ధమైనది. కన్నడిగులు సుబ్బణ్ణ అని పేరు పెట్టుకుంటారు. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతిని చిన్నతనంలో ఇంట్లో సుబ్బయ్య అనే పిలిచేవారు. ప్రసిద్ధ గాయని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరులో ఉన్నదీ ఈ ‘సుబ్బ’ శబ్దమే. పొరుగు భాషలవారితో మనకు గల చుట్టరికం ఇలాంటి పేర్లలో కూడా కనిపిస్తుంది.

1856లో పుట్టిన ఇద్దరు

1856వ సంవత్సరంలో ఇద్దరు సుబ్బారావులు జన్మించారు. ఒకరు నెల్లూరులో పుట్టిన న్యాపతి సుబ్బారావు. మరొకరు యానాం పొరుగున ఉన్న కాకినాడలో పుట్టిన తల్లాప్రగడ సుబ్బారావు. ఇద్దరూ మద్రాసులో చదువుకున్నారు. ఇద్దరూ న్యాయవాద వృత్తి చేపట్టారు. అయితే వారి మనసులు లగ్నమైన విషయాలు పూర్తిగా వేరు.

న్యాపతి సుబ్బారావు మద్రాసులో న్యాయశాస్త్రం చదువుతున్న రోజులవి. టి. ముత్తుస్వామి అయ్యర్‌ను మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమించారు. ఒక భారతీయునికి ఆ పదవి దక్కడం ఆంగ్లేయుల పత్రికలకు రుచించలేదు. అవి ఆ నియామకాన్ని దుయ్యబట్టాయి. వాటికి సమాధానం చెప్పడానికి భారతీయుల చేతిలో పత్రిక లేదు. అప్పుడు ఆరుగురు యువకులు ఒకచోట చేరారు. వారిలో ఇద్దరు ఉపాధ్యాయులు, నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. ఒక రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి, ఎనభై ప్రతులు అచ్చువేయించి, 1878 సెప్టెంబరు 20న ‘ది హిందూ’ పత్రికను ప్రారంభించారు. ఆ ఆరుగురిలో న్యాపతి సుబ్బారావు ఒకరు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైరెండేళ్ళు.

తరువాత ఆయన రాజమండ్రిలో స్థిరపడ్డారు. అక్కడ ‘చింతామణి’ మాసపత్రికను నడిపి, నవలల పోటీలు పెట్టి తెలుగు నవలకు ప్రోత్సాహమిచ్చారు. 1914లో విజయవాడలో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ప్రజలు ఆయనను గౌరవంతో ‘సుబ్బారావు పంతులు’ అన్నారు. 1941లో ఆయన కన్నుమూశారు.

తల్లాప్రగడ సుబ్బారావు దారి వేరు. వకీలుగా పేరు తెచ్చుకున్నా ఆయన మనసు వేదాంతంపై నిలిచింది. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో ఆయన మాటకు ఎంతో విలువ ఉండేది. 1886లో అక్కడ భగవద్గీతపై ఆయన చేసిన ఉపన్యాసాలు పుస్తకంగా వెలువడ్డాయి. ఆ సమాజం ఆయన పేరిట పతకాన్ని కూడా నెలకొల్పింది. కాని ఆయన ఆయుర్దాయం చిన్నది. 1890లో, ముప్పైనాలుగు ఏళ్ళు నిండకుండానే మరణించారు.

ఒకరు ఎనభై ఏళ్ళకు పైగా జీవించి ప్రజల మధ్య పనిచేశారు. మరొకరు కొద్దికాలమే జీవించి గ్రంథం ద్వారా నిలిచారు.

1895లో పుట్టిన ఇద్దరు

ఇలాంటి జంట మరొకటి ఉంది. 1895లో పుట్టిన నండూరి వెంకట సుబ్బారావు, యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరూ పశ్చిమ గోదావరి ప్రాంతంవారే. చదువు కోసం ఇద్దరూ మద్రాసు చేరినవారే.

నండూరివారు ఏలూరులో న్యాయవాదిగా పనిచేశారు. ఆయన సృష్టించిన పల్లెపడుచు ఎంకి, ఆమె బావ నాయుడు. వారిద్దరి అనురాగాన్ని పల్లెప్రజలు మాట్లాడుకునే మాటలలోనే పాటలుగా కట్టారు. పండితులు చిన్నచూపు చూసే ఆ భాషలో ఎంత మాధుర్యం ఉందో ‘ఎంకి పాటలు’ లోకానికి చాటాయి. 1925లో అవి పుస్తకంగా వచ్చాయి. ఆయన 1957లో మరణించినా ఎంకి నేటికీ సజీవంగానే ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో జన్మించారు. ఆయన చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక, గాంధీజీ పిలుపునందుకొని శస్త్రచికిత్స వేళ ధరించే అంగీని ఖద్దరుతో కుట్టించుకున్నారు. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా సుబ్బారావుకు పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఇంట్లో అంతకు మించిన దెబ్బ తగిలింది. ఆయన సోదరులిద్దరూ సంగ్రహణి (స్ప్రూ) అనే వ్యాధితో మరణించారు. ఆనాటి వైద్యం వారిని కాపాడలేకపోయింది. రోగాలకు మందు కనుక్కోవాలన్న పట్టుదల ఆయనలో బలపడింది. మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, అత్తవారు చేసిన సహాయంతో అమెరికా వెళ్ళారు. బోస్టన్ నగరంలో చదువుకుంటూ, జీవనం కోసం రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేశారు.

తరువాత హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆచార్య ఫిస్కేతో కలిసి, రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ‘ఫిస్కే – సుబ్బారావు పద్ధతి’ పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలలకు చేరింది. కండరాలు పనిచేయడానికి కావలసిన శక్తి ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాల నుంచి ఎలా అందుతుందో తెలుసుకోవడానికి వారి పరిశోధనలు తోడ్పడ్డాయి.

1940లో సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. రక్తహీనతకు, సోదరులను బలిగొన్న సంగ్రహణికి కూడా అది మందయింది. బోదకాలు వ్యాధి క్రిములను చంపే డై ఇథైల్ కార్బమజైన్ మందు ఆయన బృందం కృషివల్ల వచ్చిందే. బోదకాలు నిర్మూలనకై మన దేశంలో ఇంటింటికీ పంచే మాత్రలలో నేటికీ అది ఉంటుంది. రక్త క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలలోనే రూపొందింది.

ఇంత చేసిన ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ళ వయస్సులో అమెరికాలోనే మరణించారు. కీర్తి కోసం పాకులాడని స్వభావం వల్ల బతికి ఉండగా ఆయన పేరు సామాన్యులకు తెలియలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన జ్ఞాపకార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది. పరీక్షలో రెండుసార్లు తప్పిన విద్యార్థి కనిపెట్టిన మందులు కోట్లాది జనానికి ఉపయోగపడటం గుర్తుంచుకోదగిన విషయం.

కవులు, కథకుడు

ఆధునిక తెలుగు కవిత్వ చరిత్రలో ‘సుబ్బారావు’ అంటే ‘ఏ సుబ్బారావు?’ అని అడగక తప్పదు. నండూరివారు కాక మరి ఇద్దరు ప్రసిద్ధులున్నారు.

రాయప్రోలు సుబ్బారావు (1892–1984) రచించిన ‘తృణకంకణం’తో తెలుగులో భావకవిత్వానికి బాట పడిందని విమర్శకులు చెబుతారు. ప్రేమించుకున్నవారు పెళ్ళితో ఒకటి కాలేకపోయినా స్వచ్ఛమైన స్నేహంతో ఒకరినొకరు గౌరవించుకోవచ్చునని ఆ కావ్యం చెబుతుంది. దేశాభిమానాన్ని ప్రబోధించే ఆయన పద్యగీతాలను బడిపిల్లలు కంఠస్థం చేస్తూ వచ్చారు. ఆయన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించారు.

నాయని సుబ్బారావు (1899–1978) ‘సౌభద్రుని ప్రణయయాత్ర’ రచించారు. తల్లిని తలచుకొని ‘మాతృగీతాలు’ రాశారు. ఆయన కుమార్తె నాయని కృష్ణకుమారి కూడా ప్రసిద్ధ రచయిత్రి.

ఇక ఈ పేరును పక్కన పెట్టి వేరే పేరుతో ప్రసిద్ధుడైన సుబ్బారావు ఒకరున్నారు. ఆయన శివరాజు వెంకట సుబ్బారావు (1916–1967). ఈ పేరు చెబితే చాలామంది గుర్తుపట్టరు. ‘బుచ్చిబాబు’ అంటే మాత్రం ‘చివరకు మిగిలేది’ నవలా రచయిత అని వెంటనే చెబుతారు. ఆయన ఆకాశవాణిలో పనిచేశారు. చక్కని చిత్రకారుడు కూడా.

న్యాయపీఠంపై సుబ్బారావు

1902లో రాజమండ్రిలో జన్మించిన కోకా సుబ్బారావు న్యాయవాదిగా జీవితం ప్రారంభించి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1966లో భారతదేశపు ప్రధాన న్యాయమూర్తి పదవిని అధిష్ఠించారు.

1962లో సుప్రీంకోర్టు ముందుకు ఖడక్ సింగ్ అనే వ్యక్తి కేసు వచ్చింది. పోలీసులు అతనిపై నిఘా పెట్టారు. రాత్రివేళ ఇంటికి వెళ్ళి తలుపు తట్టేవారు. అతని రాకపోకలను గమనించేవారు. రాత్రివేళ ఇంటికి వెళ్ళడం చెల్లదని న్యాయమూర్తులందరూ అంగీకరించారు. మిగిలిన నిఘా తప్పుకాదని ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. కోకా సుబ్బారావు మరో న్యాయమూర్తితో కలిసి దానికి ఒప్పుకోలేదు. తన బతుకు తాను మరొకరి కన్ను పడకుండా బతికే గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని వేరుగా తీర్పు రాశారు. మెజారిటీ లేనందువల్ల ఆనాడు ఆ మాట చెల్లలేదు. యాభైఐదేళ్ళ తరువాత, 2017లో, సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆనాడు సుబ్బారావు రాసిందే సరైనదని అంగీకరించింది. అది చూడడానికి ఆయన లేరు. 1976లోనే మరణించారు.

మరికొందరు

తెలుగు చలనచిత్రరంగంలో ఆదుర్తి సుబ్బారావు (1912–1975) పేరు తెలియనివారు తక్కువ. ‘తోడికోడళ్ళు’, ‘మూగమనసులు’ వంటి చిత్రాలకు ఆయన దర్శకుడు. 1965లో ‘తేనెమనసులు’ చిత్రంలో కొత్త నటీనటులకే ప్రధాన పాత్రలిచ్చారు.

1949లో జన్మించిన దువ్వూరి సుబ్బారావు విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదివారు. 2008 సెప్టెంబరు 5న ముంబయిలోని భారతీయ రిజర్వు బ్యాంకుకు గవర్నరు అయ్యారు. పట్టుమని పది రోజులకే అమెరికాలో లీమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. ప్రపంచమంతటా ఆర్థిక సంక్షోభం వచ్చింది. ఆ గడ్డుకాలంలో దేశపు ద్రవ్యవ్యవస్థను నడిపే బాధ్యత ఆయనపై పడింది. 2013 వరకు ఆ పదవిలో ఉన్నారు.

ఎల్లలు దాటిన పేరు

బెంగళూరులో 1929లో పుట్టిన ఎస్.ఎన్. సుబ్బారావు పదమూడేళ్ళ వయస్సులోనే జాతీయోద్యమంలో అడుగుపెట్టారు. 1942లో క్విట్ ఇండియా నినాదాన్ని గోడమీద రాసినందుకు పోలీసులు ఆయనను పట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక మధ్యప్రదేశ్‌లోని చంబల్ లోయకు వెళ్ళి, జౌరా అనేచోట ఆశ్రమం నెలకొల్పారు. 1972లో పేరుమోసిన బందిపోట్లు జయప్రకాశ్ నారాయణ్ ఎదుట ఆయుధాలు అప్పగించింది అక్కడే. ఆ శాంతి ప్రయత్నంలో సుబ్బారావు కృషి ఎంతో ఉంది. పరోపకారమే జీవితంగా బతికిన ఆయన 2021లో మరణించారు. ఆయన పేరు ముందున్న ‘ఎస్’ సేలం అనే ఊరిపేరు. ‘ఎన్’ నంజుండయ్య.

ఇంగ్లండులో ఈ పేరుకు మరో వింత జరిగింది. బాపట్ల నుంచి న్యాయశాస్త్రం చదవడానికి అక్కడకు వెళ్ళిన పంగులూరి వెంకట సుబ్బారావు ఒక ఆంగ్ల వనితను పెళ్ళాడారు. వారి కుమారుడు రామన్. ఇంగ్లండులో ఇంటిపేరు చివర వస్తుంది. అందువల్ల తండ్రికి సొంత పేరైన ‘సుబ్బారావు’ కొడుకుకు ఇంటిపేరైపోయింది. పంగులూరి అనే అసలు ఇంటిపేరు మరుగున పడింది. ఈ రామన్ సుబ్బారావు (1932–2024) ఇంగ్లండు తరఫున 13 టెస్టు మ్యాచ్‌లు ఆడారు. 1961లో ఆస్ట్రేలియాతో జరిగిన వరుస పోటీలలో మొదటి టెస్టులో 112, చివరి టెస్టులో 137 పరుగులు చేశారు.

ఇంటిపేరు చేసే మేలు

ఇంతమంది సుబ్బారావులు కలిసిపోకుండా కాపాడినది ఏమిటి? మొదటిది ఇంటిపేరు. రాయప్రోలు, నండూరి, నాయని, యల్లాప్రగడ, కోకా అనే మాటలు లేకపోతే ఒకరి కృషిని మరొకరికి అంటగట్టే ప్రమాదం ఉంది. తెలుగువారు ఇంటిపేరును ముందు, సొంత పేరును వెనుక చెప్పుకుంటారు. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ముందు రాస్తారు. కర్ణాటకలో చాలామంది ఊరిపేరును ముందు చేర్చుకుంటారు. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, ఆపైన ఇంటిపేరు వస్తాయి. ఒక పద్ధతి గొప్పది, మరొకటి తక్కువది కాదు. అయితే వేరే పద్ధతిగల చోట తరాల తరబడి నివసించే తెలుగు కుటుంబాలలో ఇంటిపేరు మొదట పొడి అక్షరమై, తరువాత అసలే కనిపించకుండా పోవచ్చు. దానితోపాటు పూర్వులు ఏ ఊరివారో, ఎవరికి బంధువులో తెలిపే ఆధారం కూడా పోతుంది. బడి పట్టికలో చోటు లేకపోయినా, ఇంట్లో పెద్దలను అడిగి ఇంటిపేరును పూర్తిగా తెలుసుకొని ఉండటం మంచిది.

రెండవది, అంతకంటె ముఖ్యమైనది, మనిషి చేసిన పని. ఇంటిపేరు కూడా పుట్టుకతో వచ్చేదే. రాయప్రోలు, కోకా అనగానే వ్యక్తులు గుర్తుకు రావడానికి కారణం వారి కావ్యం, వారి తీర్పు. నలుగురికీ ఉన్న పేరే తనకూ ఉందని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఆ పేరుకు తనదైన గుర్తింపు తేవడం ఎవరికి వారు చేసుకోవలసిన పని.

అభ్యాసం

అ. పదాలు – అర్థాలు

లగ్నమగు = పూర్తిగా నిలుచు
దుయ్యబట్టు = గట్టిగా తప్పుపట్టు
వకీలు = న్యాయవాది
తృణం = గడ్డిపరక
కంకణం = చేతికి కట్టుకొనే తోరం, గాజు
నిఘా = రహస్యంగా కనిపెట్టి ఉండటం
ఏకగ్రీవంగా = అందరూ ఒకే మాటగా
అధిష్ఠించు = పదవిలో కూర్చుండు

ఆ. రెండు మూడు వాక్యాలలో సమాధానాలు రాయండి.

1. ‘సుబ్బారావు’ అనే పేరు ఎలా ఏర్పడింది?
2. ‘ది హిందూ’ పత్రికను స్థాపించవలసిన అవసరం ఎందుకు కలిగింది?
3. యల్లాప్రగడ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా ఎందుకు దక్కలేదు?
4. ‘ఎంకి పాటలు’ ప్రత్యేకత ఏమిటి?
5. రామన్ సుబ్బారావు విషయంలో తండ్రి పేరు ఇంటిపేరుగా ఎలా మారింది?

ఇ. పది వాక్యాలలో సమాధానాలు రాయండి.

1. 1856లో పుట్టిన ఇద్దరు సుబ్బారావుల జీవితాలను పోల్చి రాయండి.
2. కోకా సుబ్బారావు 1962లో రాసిన తీర్పు ఆనాడు చెల్లలేదు. అయినా అది వ్యర్థం కాలేదని ఎలా చెప్పగలరు?
3. మీ రాష్ట్రంలో పేర్లు రాసే పద్ధతికీ తెలుగువారి పద్ధతికీ గల తేడాలను వివరించండి.

ఈ. వ్యాకరణం

కింది పదాలను విడదీసిన తీరును గమనించండి.

దేశాభిమానం = దేశ + అభిమానం (సవర్ణదీర్ఘ సంధి)
పరోపకారం = పర + ఉపకారం (గుణ సంధి)
మరొకటి = మరి + ఒకటి (ఇకార సంధి)
సోదరులిద్దరూ = సోదరులు + ఇద్దరూ (ఉకార సంధి)

ఇదే విధంగా జ్ఞాపకార్థం, జాతీయోద్యమం, పేరైన, ఒకరున్నారు – వీటిని విడదీసి సంధి పేరు రాయండి.

ఉ. చేసి చూడండి

మీ అవ్వా తాతలనో, అమ్మమ్మనో అడిగి మీ ఇంటిపేరు, మీ పూర్వుల ఊరు తెలుసుకోండి. మీ వాడలో ఒకే పేరు గల ముగ్గురు పెద్దలను కలుసుకొని, వారి వృత్తి, వారు చేసిన మంచి పని ఒక్కొక్కటి అడిగి రాసుకోండి. ఆ వివరాలను తరగతిలో చదివి వినిపించండి.